పొద్దున బాగున్న మూత మధ్యాహ్నానికి ఎందుకు వంకర పోతుంది?

రేణిగుంట దగ్గర ఒక చిన్న ఇంజెక్షన్ మోల్డింగ్ షెడ్డు, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి తోసి వస్తువులు చేసే చోటు. పేరు చెప్పను, ఇదే కథ గాజులమండ్యంలోనూ ఉంటుంది, శ్రీసిటీలోనూ ఉంటుంది. నాలుగు మిషన్లు, రెండు షిఫ్టులు, ఒక డబ్బాకి మూత. మూత 300 మిల్లీమీటర్ల పొడవు, పాలీప్రొపిలీన్‌తో చేసింది, అదే అందరూ పీపీ అనే ప్లాస్టిక్. పొద్దున షిఫ్టులో వచ్చిన మూత బల్ల మీద పెడితే అతికించినట్టు కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చిన మూతకి మూలలు పైకి లేచి, వేలితో నొక్కితే టకటకా ఊగుతుంది. దానికితోడు వెనకాల రిబ్ (గట్టిదనం కోసం నిలబెట్టే సన్నటి పట్టీ) ఉన్నచోట ముందువైపు సన్నటి గుంట. షాపులో దాన్నే సింక్ అంటారు.

నేను పోయేసరికి ఓనరుకీ, మిషన్‌లో నంబర్లు పెట్టే సెట్టరుకీ వాదన నడుస్తోంది. "నా చేతిలో ఏముంది సార్, పొద్దున పెట్టిన నంబర్లే ఉండాయి, ఒక్కటి కూడా ముట్టుకోలే" అని సెట్టరు. "నువ్వు ముట్టుకోకుంటే మూత దానంతట అదే వంగిందా?" అని ఓనరు. నాకు తెలిసి ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. స్క్రీన్ మీద ఒక్క నంబరు కూడా మారకుండానే మూత మారిపోవచ్చు, ఎందుకంటే ప్లాస్టిక్‌కి స్క్రీన్ కనపడదు కదా. దానికి తెలిసేది తన వేడి ఎంత, తనని ఎంత వేగంగా తోస్తున్నారు, ఎంత ఒత్తిడి పెడుతున్నారు, అచ్చులో ఎంత త్వరగా చల్లారుతున్నాను అన్న నాలుగే. మిషన్‌లో మనం తిప్పే డజన్ల నంబర్లూ ఈ నాలుగింటిని మార్చడానికి పడే పాట్లే.

అసలు లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. గుంతపొంగణాల పెనం తెలిసినవాళ్ళకి సగం అర్థమైనట్టే. పిండి తక్కువ పోస్తే గుంత నిండదు, అది షార్ట్ షాట్. ఎక్కువ పోస్తే అంచు దాటి పలచగా పాకుతుంది, అది ఫ్లాష్. తేడా ఎక్కడంటే, పొంగణాల పెనం పిండిని కాలుస్తుంది, ఇక్కడ అచ్చు కరిగిన ప్లాస్టిక్‌ని చల్లారుస్తుంది. ఇంకో తేడా, కరిగిన పీపీ పిండిలా జారదు, ముదురు బెల్లం పాకంలా సాగుతుంది, 220 డిగ్రీల దగ్గర కూడా. అందుకే కొన్ని వందల బార్ల ఒత్తిడితో తోయాలి. బైక్ టైర్లో ఉండేది రెండు బార్లు చిల్లర, పోల్చుకోండి.

తోసిన తర్వాత అసలు తలనొప్పి మొదలవుతుంది. ప్లాస్టిక్ చల్లారుతూ ముడుచుకుంటుంది. పీపీ అయితే 1 నుంచి 2.5 శాతం దాకా, అంటే మన 300 మిల్లీమీటర్ల మూత మూడు నుంచి ఏడున్నర మిల్లీమీటర్ల వరకూ కుదించుకుపోవచ్చు. ఏబీఎస్ లాంటి వేరే ప్లాస్టిక్‌లు 0.4 నుంచి 0.7 శాతంతో ఆగిపోతాయి. పీపీ చల్లారేటప్పుడు లోపల కొంత భాగం స్ఫటికంలా పద్ధతిగా సర్దుకుంటుంది, సర్దుకుంటే తక్కువ చోటు పడుతుంది, అందుకే అంత ముడుత. ఎంత నిదానంగా చల్లారితే సర్దుకోవడానికి అంత టైం దొరుకుతుంది, అంత ఎక్కువ ముడుచుకుంటుంది. ముడుచుకోవడం ఒక్కటే అయితే ఇబ్బంది లేదు, అచ్చుని ఆ మేరకు పెద్దగా కోస్తారు. అన్నిచోట్లా ఒకేలా ముడుచుకోకపోవడంతోనే చిక్కు. మిద్దె మీద ఆరేసిన అప్పడం చూడండి, పైభాగం ముందు ఆరి ముడుచుకుంటే అంచులు పైకి లేస్తాయి. మూతకి కూడా అంతే, కాకపోతే ఇక్కడ ఆలస్యంగా చల్లారిన వైపు ఎక్కువ ముడుచుకుని, అప్పటికే గట్టిపడిన వైపుని తనవైపు లాగుతుంది. కాబట్టి ముక్క ఎటు వంగిందో చూస్తే అచ్చులో ఏ సగం ఎక్కువ వేడిగా ఉందో చాలాసార్లు చెప్పేయొచ్చు, థర్మామీటరు పెట్టకముందే.

డ్రాయింగ్ దగ్గరే పడిన ముడి

ఆ మూత డ్రాయింగ్ అడిగాను. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లు, రిబ్ మందం కూడా రెండున్నరే. గీసినాయన "గట్టిగా ఉండాలని" గీశాడు. పాపం, అందరూ చేసే తప్పే. రిబ్బూ గోడా కలిసే చోట ప్లాస్టిక్ ముద్దగా పోగవుతుంది, పక్కనున్న పలచటి చోట్లు గట్టిపడ్డాక కూడా ఆ ముద్ద లోపల మెత్తగానే ఉండి, నిదానంగా చల్లారుతూ పైచర్మాన్ని లోపలికి లాక్కుంటుంది. అదే సింక్. మామూలుగా రిబ్ మందం గోడ మందంలో సగం, మహా అయితే 60 శాతం ఉండాలంటారు, పీపీ లాంటి బాగా ముడుచుకునే ప్లాస్టిక్‌కి ఇంకా తక్కువైనా మేలే.

మందం గురించి ఇంకో లెక్క ఉంది, ఓనర్లకి ఇదే ముందు చెప్పాలి. చల్లారే టైం మందానికి వర్గంలో పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల గోడని మూడు చేస్తే మెటీరియల్ ఒకటిన్నర రెట్లే పడుతుంది, చల్లారే టైం మాత్రం రెండుంపావు రెట్లవుతుంది. మోల్డింగ్ సైకిల్‌లో, అంటే ఒక ముక్క తయారయ్యే టైంలో, సగానికి పైగా చాలాసార్లు ఈ ఎదురుచూపే కాబట్టి, "గట్టిగా ఉండనీ" అని వేసిన ఒక్క మిల్లీమీటరు ఆ అచ్చు బతికినన్నాళ్ళూ, ప్రతి షాట్‌కీ, కరెంటూ జీతమూ తింటూనే ఉంటుంది. లక్షలకి లక్షలు పెట్టి కొత్త మిషన్ కొనేముందు గోడ మందం ఒకసారి కొలిచి చూసుకోండి అని నేను చెబితే నవ్వినవాళ్ళున్నారు.

మూలలు చురుగ్గా కోయకూడదు, లోపలి గుండ్రం కనీసం గోడ మందంలో సగమైనా ఉండాలి. ముక్క అచ్చు నుంచి గీరుకోకుండా ఊడి రావాలంటే గోడలకి ఒక డిగ్రీ వాలు ఇవ్వాలి, పైన గరుకు డిజైన్ ఉంటే ఇంకా ఎక్కువ. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, ఆగను.

ఆగాల్సింది గేట్ దగ్గర. ప్లాస్టిక్ అచ్చులోకి దూరే సన్నటి సందు అది. ఈ మూతకి గేట్ ఒక చివర ఉంది. ప్లాస్టిక్ అక్కడ్నుంచి 300 మిల్లీమీటర్లు ఈదుకుంటూ పోవాలి, పోయేకొద్దీ చల్లారుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. గేట్ దగ్గర కుక్కి కుక్కి నింపినట్టు, అవతలి చివర ఏదో అందినకాడికి నిండినట్టు ఉంటుంది. కుక్కినచోట తక్కువ ముడుచుకుంటుంది, కుక్కనిచోట ఎక్కువ. మధ్యలో గేట్ పెట్టుంటే దారి సగమయ్యేది. "పైన గేట్ మచ్చ కనిపిస్తుందని కస్టమర్ ఒప్పుకోలేదు" అన్నాడు ఓనరు. సరే, మచ్చ వద్దన్న కస్టమరే ఇప్పుడు వంకర వద్దంటున్నాడు.

ఇంక నీళ్ళు. అచ్చు రెండు సగాల్లోనూ నీళ్ళు పోయే దారులుంటాయి. లోపలి సగం, కోర్ అంటారు, దానికి ఎప్పుడూ అన్యాయమే: చుట్టూ వేడి ప్లాస్టిక్, మధ్యలో ఇరుకు, సన్నటి రంధ్రాలు. దానికితోడు మన వైపు బోరు నీళ్ళు. ఇంట్లో హీటర్ రాడ్ మీద తెల్లగా గార కడుతుందే, అదే గార ఆ రంధ్రాల్లోనూ కడుతుంది, అది స్టీలుతో పోలిస్తే పదో వంతు కూడా వేడిని పోనివ్వదు. పైపు ఊడదీసి బకెట్ పెట్టి పట్టి చూస్తే కోర్ వైపు నీళ్ళు సన్నటి ధారగా వస్తున్నాయి. నీళ్ళు దారిలో సుడులు తిరుగుతూ పరిగెడితేనే వేడిని బాగా లాగుతాయి, నెమ్మదిగా జారితే గోడని తాకిన నీళ్ళే వేడెక్కి మధ్యలో నీళ్ళు ఊరికే షికారు చేసి వస్తాయి. లోపలికి పోయే నీళ్ళకీ బయటికి వచ్చే నీళ్ళకీ రెండు మూడు డిగ్రీల కంటే తేడా ఉందంటే నీళ్ళు చాలట్లేదని అర్థం.

తక్కెడ చెప్పిన సంగతి

ఇంత చెప్పాక కూడా ఓనరు ప్రశ్న అలాగే ఉంది: డిజైన్ పొద్దునా అదే, మధ్యాహ్నమూ అదే, మరి తేడా ఏంటి? న్యాయమైన ప్రశ్నే. మేం చేసిన మొదటి పని మూతల్ని తూచడం. పొద్దున మూత మధ్యాహ్నం మూత కంటే ఒక గ్రాము పైచిలుకు బరువు. అక్కడ దొంగ దొరికాడు.

అచ్చు నిండాక, ముడుచుకోబోయే ప్లాస్టిక్‌కి బదులుగా ఇంకొంచెం తోస్తూ కొన్ని సెకన్లు పట్టి ఉంచుతారు, అదే హోల్డింగ్. గేట్ గడ్డకట్టేదాకా పట్టాలి. ముందే వదిలేస్తే లోపల కుక్కింది మళ్ళీ వెనక్కి కారుతుంది, నీళ్ళ బిందె మూత పెట్టకుండా వంచినట్టు. వీళ్ళ హోల్డింగ్ టైం ఐదు సెకన్లు. షెడ్డులో నీళ్ళని ఫ్రిజ్‌లా చల్లబరిచే చిల్లర్ లేదు, ఉన్నది కూలింగ్ టవర్, అది గాలి తడి ఉష్ణోగ్రత (థర్మామీటరుకి తడిగుడ్డ చుట్టి గాలిలో పెడితే చూపించేది) కంటే కిందికి నీళ్ళని చల్లబరచలేదు. పొద్దున చల్లటి నీళ్ళకి గేట్ ఐదు సెకన్లలో గడ్డకట్టేది. మే నెల మధ్యాహ్నం తిరుపతి ఎండలో నీళ్ళు వేడెక్కి, అచ్చు వేడెక్కి, గేట్ ఆలస్యంగా గడ్డకట్టి, ఐదో సెకన్లో మిషన్ చెయ్యి వదిలేసరికి ప్లాస్టిక్ వెనక్కి జారి, గేట్ దగ్గర ఒత్తిడి పోయి, రిబ్ దగ్గర గుంట పడి, ముడుత ఒక్కోచోట ఒక్కోలా అయి మూత వంగింది. సెట్టరు ఒక్క నంబరు కూడా ముట్టుకోలేదు, నిజంగానే.

ఇది తేల్చుకునే పరీక్షకి ఖర్చు లేదు, తక్కెడ చాలు. హోల్డింగ్ టైం రెండు సెకన్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో సెకను పెంచుతూ, పెంచినంత కూలింగ్ టైంలో తగ్గిస్తూ, ఒక్కో దగ్గర ఐదేసి ముక్కలు తూచాలి. బరువు పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగిపోతుంది. అక్కడ గేట్ గడ్డకట్టినట్టు. దానిమీద ఒక సెకను కలుపుకుంటే సరి. కాకపోతే ఈ పరీక్ష పొద్దున కాదు, మధ్యాహ్నం చేయాలి, ఎండ బాగా ఉన్నప్పుడు.

మరి వీళ్ళు హోల్డింగ్ టైం పెంచి చూడలేదా అంటే, చూశారట. "ఏం లాభం లేదు సార్, అన్నీ చూసినాం" అన్నాడు సెట్టరు. ఎలా చూశావు అంటే, ఒక నంబరు మార్చి, బాగుపడకపోతే వెనక్కి తెచ్చి, ఇంకోటి మార్చి. బళ్ళో సైన్సు మాస్టారు నేర్పిన పద్ధతే, ఒకసారికి ఒకటే మార్చు అని. మోల్డింగ్‌లో ఆ పద్ధతి మోసం చేస్తుంది, ఎలాగో అంకెల్లో చెబుతాను, అంకెలు ఊరికే ఉదాహరణకి వేస్తున్నవే. ఇప్పుడున్న సెట్టింగులో సింక్ లోతు 0.20 మిల్లీమీటర్లు. హోల్డింగ్ ప్రెషర్ ఒక్కటే పెంచితే 0.19, ఎందుకంటే ఎంత కుక్కినా టైం చాలక వెనక్కి జారుతోంది. సరే లాభం లేదని ప్రెషర్ దించి, టైం ఒక్కటే పెంచితే 0.18, ఎందుకంటే ఎంతసేపు పట్టినా తోయడానికి బలం లేదు. రెండూ పనిచేయవని తేల్చేసి ఇంటికి పోతాం. కానీ రెండూ కలిపి పెంచుంటే 0.06 వచ్చేది. ఆ నాలుగో గది తలుపు మనం తియ్యనే లేదు.

అందుకే కలిపి మార్చాలి. కానీ ఇష్టమొచ్చినట్టు కాదు, పట్టిక ప్రకారం. అనుమానం ఉన్న అంశాలు ఏడు అనుకోండి: ప్లాస్టిక్ వేడి, అచ్చు వేడి, తోసే వేగం, హోల్డింగ్ ప్రెషర్, హోల్డింగ్ టైం, కూలింగ్ టైం, ప్లాస్టిక్‌ని కరిగించి తోసే స్క్రూ వెనక ఒత్తిడి. ఒక్కోదానికి తక్కువ, ఎక్కువ అని రెండే స్థాయిలు పెట్టుకున్నా అన్ని కలయికలూ చూడాలంటే 128 ట్రయల్స్, ఏ ఓనరూ మిషన్ ఇవ్వడు. అయితే 128లోంచి ఎనిమిదింటిని తెలివిగా ఏరితే, ఏ అంశం తీసుకున్నా నాలుగు ట్రయల్స్ తక్కువలో, నాలుగు ఎక్కువలో ఉండి, ఆ నాలుగేసిలోనూ మిగతా ఆరు అంశాలూ సరిసమానంగా పంచబడి ఉంటాయి. ఈ నాలుగింటి సగటు, ఆ నాలుగింటి సగటు, రెంటికీ తేడా. అదే ఆ అంశం బలం. ఎనిమిది కొలతల్లో ప్రతీదీ ఏడు ప్రశ్నలకీ సాక్ష్యం చెబుతుంది.

ఈ పట్టికలకి ఆర్థోగోనల్ ఎర్రేలు అని పేరు, జపాన్ ఇంజినీరు టాగుచి పద్ధతి అని ఫ్యాక్టరీల్లో ట్రైనింగులిస్తారు. టాగుచి వాటిని ఫ్యాక్టరీల్లోకి తెచ్చిన మాట నిజమే, కానీ ఆ భావనకి గణితంగా రూపమిచ్చింది గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, 1940లలో. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు ఇంట పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదివిన మనిషి. రేణిగుంటలో రైలెక్కితే గూడూరు ఎంతసేపు! కేంబ్రిడ్జిలో ఆయన పీహెచ్‌డీ గురువు రొనాల్డ్ ఫిషర్, ఇంగ్లండ్‌లోని రొథామ్‌స్టెడ్ పొలాల్లో ఎరువుల ప్రయోగాలు చేస్తూ ఈ విద్యకే పునాది వేసినాయన. టాగుచి 1954-55లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి ఉన్నాడు, రావు పనిచేసిన చోటే. రావు 2023 ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో పోయారు. ఈ ముక్క షెడ్డులో చెబితే సెట్టరు "మనోళ్ళా సార్?" అని రెండుసార్లు అడిగాడు.

ఫిషర్ పొలంలో నేర్పిన ఇంకో జాగ్రత్త మన షెడ్డుకి అచ్చంగా సరిపోతుంది. ట్రయల్స్ పట్టికలో ఉన్న వరసలో చేయకూడదు. మొదటి నాలుగూ తక్కువ ప్లాస్టిక్ వేడితో పొద్దున, తర్వాత నాలుగూ ఎక్కువ వేడితో మధ్యాహ్నం చేశారనుకోండి, తేడా ప్లాస్టిక్‌ని కరిగించే బారెల్‌ది కాదు, ఎండది కావచ్చు. కాబట్టి ఎనిమిది చీటీలు రాసి, టిఫిన్ డబ్బాలో వేసి, తీసిన వరసలో చేశాం. హెల్పర్ కుర్రాడు లక్కీ డ్రా అనుకుని మురిసిపోయాడు. సెట్టింగ్ మార్చగానే వచ్చిన ముక్కని కొలవకూడదు, అచ్చు కుదురుకునేదాకా వచ్చినవన్నీ పక్కన పడేయాలి, అచ్చు వేడి మార్చినప్పుడైతే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పీపీ ముక్క అచ్చులోంచి వచ్చాక కూడా ఒక రోజు పాటు కొంచెం కొంచెం ముడుచుకుంటూనే ఉంటుంది, వేడివేడిగా కొలిచి సంతోషపడితే మర్నాడు స్టోర్‌లో ఏడవాల్సి వస్తుంది. ఇంకోటి, కొలిచే చేతుల్ని కూడా కొలవాలి. ఒకే పది మూతల్ని ఇద్దరితో విడివిడిగా కొలిపించండి, ఇద్దరి అంకెల మధ్య తేడానే వంకర కంటే ఎక్కువుంటే మిగతాదంతా దండగ.

ఈ ఎనిమిది ట్రయల్స్ పద్ధతికి ఒక లోపం ఉంది, ట్రైనింగుల్లో దాన్ని కాస్త మెల్లగా చెబుతారు. అంశాలన్నీ కిక్కిరిసి ఉంటే, ఇందాక చెప్పిన ప్రెషరూ టైమూ చేతులు కలిపిన ఫలితం పోయి వేరే అంశం ఖాతాలో పడిపోవచ్చు, బ్యాంకులో ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడ్డట్టు. అందుకే ఎనిమిదితో ముఖ్యమైన రెండు మూడు అంశాలు ఏరుకుని, వాటితో మళ్ళీ అన్ని కలయికలూ చేసుకోవాలి. వచ్చిన జవాబుని ఇంకో రోజు మళ్ళీ నడిపి సరిచూసుకోకుండా సెట్టింగ్ షీట్‌లో రాయకూడదు.

టాగుచి నుంచి నేర్చుకోవాల్సిన అసలు తెలివి పట్టిక కాదు. 1950లలో ఇనా అనే టైల్స్ కంపెనీలో బట్టీలో ఒక్కోచోట ఒక్కో వేడి ఉండి, టైల్స్ ఒక్కో సైజులో వచ్చేవి. కొత్త బట్టీ కట్టాలంటే మోయలేని ఖర్చు. బట్టీని వదిలేసి మట్టి పాళ్ళు మార్చి చూశారు, సున్నం వాటా 1 శాతం నుంచి 5 శాతానికి పెంచేసరికి వేడి తేడాని టైల్ పట్టించుకోవడం మానేసింది. మన లెక్కలో ఎండే ఆ బట్టీ. ఎనిమిది సెట్టింగుల్నీ పొద్దున చల్లటి నీళ్ళతో ఒకసారి, మధ్యాహ్నం వేడి నీళ్ళతో ఒకసారి నడిపి, అన్నిటికంటే తక్కువ వంకర ఏదో కాదు, రెండు పూటల మధ్య తేడా తక్కువ ఏదో వెతకాలి. ఈ మూతకి అది హోల్డింగ్ టైం ఏడు సెకన్ల దగ్గర, ప్రెషర్ కొంచెం పైన దొరికింది. గార వదిలించడానికి కోర్ రంధ్రాలు యాసిడ్‌తో కడిగించారు, అదీ కలిసొచ్చింది. సింక్ పూర్తిగా పోలేదు. రిబ్ అంత లావు ఉన్నంతకాలం పోదు.

రిబ్ సన్నం చేయొచ్చు కదా అన్నాడు ఓనరు. చేయొచ్చు, కానీ ప్లాస్టిక్‌లో రిబ్ అంటే అచ్చులో గాడి. రిబ్ సన్నం కావాలంటే గాడి పూడాలి, అంటే స్టీలుకి వెల్డింగ్ పెట్టి మళ్ళీ కోయాలి, ఖర్చూ ఎక్కువే, ఆ అతుకు ఎన్నాళ్ళుంటుందో టూల్ రూమ్ వాళ్ళూ హామీ ఇవ్వరు. అదే మొదట్లో గాడి సన్నగా కోసి, చాలకపోతే వెడల్పు చేసుకోవడం గంటల పని. స్టీలు తీయడం తేలిక, పెట్టడం కష్టం, అందుకే అనుమానం ఉన్న కొలతలన్నీ మొదటి ట్రయల్‌కి స్టీలు మిగిలేలా కోయించుకోవాలి. పెద్ద మూతకి కొత్త డై, అంటే అచ్చు, గీయిస్తున్నారని తెలిసి ఆ డ్రాయింగ్ తెప్పించాను. రిబ్ మళ్ళీ రెండున్నరే. కొట్టేసి 1.2 రాశాను.

"విరగదా సార్?" అన్నాడు ఓనరు. బల్ల మీదున్న ప్లాస్టిక్ స్కేలు తీసి పడుకోబెట్టి వంచమన్నాను, వంగింది. నిలబెట్టి వంచమన్నాను, వంగలేదు. రిబ్ మందం రెట్టింపు చేస్తే గట్టిదనం రెట్టింపే, ఎత్తు రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు. ఆయన స్కేలుని ఇంకోసారి తిప్పి తిప్పి వంచి చూసుకుని, డ్రాయింగ్‌లో ఎత్తు దగ్గర తనే పెన్సిల్ పెట్టాడు. గోడ మందానికి మూడు రెట్లు దాటనీయకండి అని మాత్రం చెప్పాను.